కొసలు కలియని రేఖలు
(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో పూర్వ విద్యార్థుల సభనాటి ప్రసంగ పాఠం)



ఉత్సవ సభలో జ్యామితి ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చును. అందునా కంప్యూటరు తెరపై గీసిన బొమ్మలో రెండు కొసలు కలియకపోతే ఏమి చేయవలెనన్నది మరీ చిన్న విషయంగా తోచవచ్చును. కానీ ఈ హోసూరు ప్రాంతంలో 1970వ దశకం నుండి పరిశ్రమలు వెలసిన తరువాత, తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్న ఇళ్ళలో అనేకం ఇనుప రేకుతోనో యంత్ర భాగాలతోనో ముడిపడిపోయినవి. ఏటా ప్రవేశాల వేళ తల్లిదండ్రులు అడిగే ప్రశ్న కూడా ఇంచుమించు ఒకటే. కంప్యూటరు ఇంగ్లీషులో మాట్లాడుతూ ఉంటే, తెలుగులో నేర్చిన లెక్కలు పిల్లలకు ఏ విధంగా ఉపకరిస్తాయి? ప్రశ్న న్యాయమైనదే. భాషాభిమానాన్ని గురించి ఉపన్యసించి దానిని దాటవేయడం సులభం. అది సమాధానం కాదు. ఈ బడిలో చదివి, డ్రాఫ్ట్స్‌మన్ పనిలో కుదురుకొన్న ఒక పూర్వ విద్యార్థిని అనుభవాన్ని ఆధారం చేసుకొని ఆలోచించడం అంతకంటె మేలు. ఆమె పేరు చెప్పవద్దని కోరినందున ఇక్కడ పేరు లేదు.

గణిత వాచకంలో సంవృత పటం, వివృత పటం అనే రెండు మాటలు చిన్న తరగతులలోనే వస్తాయి. బయలుదేరిన బిందువుకే తిరిగి చేరిన రేఖ సంవృతం, చేరనిది వివృతం. త్రిభుజం, చతురస్రం, వృత్తం మొదటి జాతివి. చాపం, గాలిపటం తోక వంటివి రెండవ జాతివి. వ్యాకరణం చదివినవారికి ఈ మాటలు మరొక చోట కూడా పరిచితమే. నోరు ముడిచి పలికే ధ్వని సంవృతం, విప్పి పలికేది వివృతం. పాణిని అష్టాధ్యాయిలో చిట్టచివరి సూత్రం హ్రస్వ అకారపు సంవృతత్వాన్ని గురించినదే. లెక్కల మాస్టారికీ తెలుగు పండితునికీ ఒకే మాట పనికివచ్చే సందర్భాలు తక్కువ గనుక ఈ ముచ్చట చెప్పక తప్పలేదు.

సంవృత రేఖకు ఉన్న విశేషం ఏమిటంటే దానికి ఒక లోపల, ఒక వెలుపల ఏర్పడతాయి. తనను తాను ఖండించుకొనని సంవృత వక్రం తలాన్ని సరిగా రెండు భాగాలుగా విడదీస్తుందన్న సంగతి తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లలకు సైతం తెలుసు. అయినప్పటికీ దానిని ఒక సిద్ధాంతంగా నిలిపి 1887లో నిరూపణకు పూనుకొన్నవారు ఫ్రెంచి గణితవేత్త కామీ జోర్డాన్. ఆ నిరూపణ చాలదని భావించి 1905లో అమెరికా గణితవేత్త ఓస్వాల్డ్ వెబ్లెన్ మరొకటి ఇచ్చారు. కంటికి ఇంత తేటగా కనిపించే విషయానికి అంతటి శ్రమ ఎందుకని అడిగితే, కన్ను ఒప్పుకొన్నంత సులభంగా తర్కం ఒప్పుకొనదన్నదే జవాబు. కంప్యూటరుకు కన్ను లేదు. ఒక బిందువు పటానికి లోపల ఉన్నదో వెలుపల ఉన్నదో అది లెక్క వేసి తెలుసుకొనవలసినదే. అందుకు ఒక ప్రసిద్ధమైన పద్ధతి ఉన్నది. ఆ బిందువు నుండి ఏదో ఒక దిక్కుగా గీతను సాగదీసి, అది సరిహద్దును ఎన్నిసార్లు దాటినదో లెక్కపెట్టడం. బేసి సంఖ్య వస్తే లోపల, సరి సంఖ్య వస్తే వెలుపల. సరిహద్దులో వెంట్రుకవాసి సందు ఉండి, గీత ఆ సందులోనుండి జారిపోయినదా, లోపలిది వెలుపల అయిపోతుంది.

కొసలు కలియకపోవడం కంప్యూటరుతో పుట్టిన వ్యాధి కాదు. తొమ్మిదవ తరగతి పిల్లలు వృత్తలేఖినితో క్రమషడ్భుజిని గీసేటప్పుడు ప్రతి సంవత్సరమూ కనబడేదే. వృత్తం గీసి, అదే వ్యాసార్థంతో చుట్టూ ఆరు చాపాలు ఖండిస్తే, ఆరవ చాపం మొదటి బిందువు మీదనే పడవలెను. సిద్ధాంతం అట్లే చెప్పుతున్నది. చేతిలో మాత్రం అట్లా పడదు. 5 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసిన తరువాత వృత్తలేఖిని కాలు అర మిల్లీమీటరు జారితే చాలు, ఆరు అంగలు వేసేసరికి ఆఖరి చాపం సుమారు మూడున్నర మిల్లీమీటర్లు ఆవల పడుతుంది. ఒక్కొక్క అంగలో కనబడని తేడా ఆరవ అంగలో కళ్ళకు కట్టినట్లు కనబడుతుంది. అప్పుడు పిల్లలలో అధిక సంఖ్యాకులు చేసే పని అందరికీ తెలిసినదే. ఆఖరి భుజాన్ని కొంచెం వంచి, మొదటి బిందువుకు అతికించి, పెన్సిలుతో రెండుమార్లు దిద్దుతారు. బొమ్మ మూతపడుతుంది. అది క్రమషడ్భుజి మాత్రం కాదు. ఈ బడిలో చిరకాలం గణితం చెప్పిన ఒక ఉపాధ్యాయుడు అటువంటి బొమ్మకు సున్నా వేసేవారు. ఆరవ చాపాన్ని పడిన చోటనే వదిలిపెట్టి, పక్కన ఖాళీ ఎంత ఉన్నదో కొలిచి వ్రాసినవారికి మార్కులు ఇచ్చేవారు. ఆనాడు అది అన్యాయమని ఏడ్చిన పిల్లలున్నారు.

విచిత్రమేమంటే, కంప్యూటరుపై బొమ్మలు గీయడం మొదలైన నాడు కూడా ముందుగా గీసి చూపిన బొమ్మలలో షడ్భుజి ఒకటి. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ అనే యువకుడు స్కెచ్‌ప్యాడ్ అన్న పేరుతో ఒక ప్రోగ్రామును సిద్ధాంత వ్యాసంగా సమర్పించారు. టి.ఎక్స్.-2 అనే యంత్రపు తెరపై కాంతి కలంతో గీతలు గీయడం దాని సారాంశం. ఆ వ్యాసం ఆరంభంలోనే షడ్భుజిని గీయు విధానం వివరించబడినది. ముందుగా వంకరటింకరగా ఆరు భుజాలు గీస్తారు. ఆఖరి భుజాన్ని గీస్తూ కాంతి కలాన్ని మొదటి బిందువుకు దగ్గరగా తెస్తే చాలు, గీత కొస ఆ బిందువును సరిగా పట్టుకొంటుంది. చేయి వణికినా దోషం లేదు. తరువాత ఆ ఆరు శీర్షాలను ఒక వృత్తం మీద ఉండుమని, భుజాలు సమానంగా ఉండుమని ఆజ్ఞాపిస్తే యంత్రమే దానిని క్రమషడ్భుజిగా సవరిస్తుంది. నేడు చిన్న వర్క్‌షాపులలో సైతం వాడుకలో ఉన్న 'స్నాప్' సదుపాయానికి మూలం అక్కడ కనబడుతుంది. స్నాప్ అంటే కొసను కొసకు పట్టి అతికించే గుణం. ఆటోడెస్క్ సంస్థ ఆటోక్యాడ్‌ను 1982లో విడుదల చేసినది. మన దేశంలో ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్‌లు చదివినవారికి అన్నింటికంటె పరిచితమైనది అదే గనుక ఇక మీది ఉదాహరణలు దాని నుండే.

ఆ విద్యార్థిని పదవ తరగతి ముగించి, ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ శిక్షణ పొంది, రేకులను లేజరుతో కోసే ఒక చిన్న కర్మాగారంలో చేరినది. మొదటి వారంలోనే చిక్కు వచ్చినది. ఒక బిగింపు పలక బొమ్మ గీసి, దాని లోపలి భాగాన్ని ఏటవాలు గీతలతో నింపుమని ఆజ్ఞ ఇస్తే, సరియైన సరిహద్దు దొరకలేదని తెరమీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చినది. బొమ్మ చూస్తే ఎక్కడా తెగినట్లు లేదు. ఆ వాక్యంలోని మాటలన్నిటికీ అర్థం తెలిసినా సంగతి అర్థం కాలేదని ఆమె చెప్పినది. సరిహద్దు అన్న మాటను వదిలి, పటం వివృతమై ఉన్నదేమోనని తనలో తాను అనుకొన్న తరువాతనే వెతకవలసినది ఏమిటో తెలిసినదట. చాపమూ సరళరేఖా కలిసే మూలను వందల రెట్లు పెద్దది చేసి చూస్తే, రెండింటికీ నడుమ సందు ఉన్నది.

ఆ సందు ఎట్లా వచ్చినదో చెప్పుకొనడం అవసరం. కంప్యూటరులో గీసిన రేఖ సిరా గీత కాదు. అది రెండు కొసల నిరూపకాలు మాత్రమే. భుజం 50 ఉన్న చతురస్రంలో కర్ణం పొడవు 50 రెట్లు వర్గమూలం 2. కాగితం మీద దానిని 70.71 అని వ్రాస్తారు. అదే సంఖ్యను కీబోర్డుపై కొడితే, అసలు విలువ 70.7107కు దగ్గర గనుక కొసకూ మూలకూ మధ్య 0.0007 తేడా మిగులుతుంది. పెన్సిలు గీత మందంలో ఇటువంటి తేడాలు వందలు దాగిపోతాయి. కంప్యూటరు గీతకు మందమే లేదు గనుక దాగడానికి చోటు లేదు. స్నాప్ వాడకుండా చూపు అంచనాతో మౌసును నొక్కినా ఇంతే. మరొక మోసకారి కారణం కూడా ఉన్నది. పైనుండి చూస్తే రెండు కొసలు ఒకే బిందువులో ఉంటాయి. కానీ ఒకటి నేలమట్టంలో, మరొకటి దానికి పైన ఎత్తులో ఉంటుంది. నిటారుగా పైనుండి చూస్తే బావి గిలకా బావిలోని బిందె ఒకే చోట ఉన్నట్లు కనబడినట్లే. అట్టి కొసలను ఎంత దగ్గరగా చూచినా సందు కనబడదు, కలుపుమంటే కలియవు.

కొసలు నిజంగా ఒకే బిందువున ఉన్నా కూడా పటం సంవృతం కాకపోవచ్చునన్నది కొత్తవారికి మింగుడుపడని విషయం. ఆటోక్యాడ్‌లో పాలీలైను అనే అతుకులరేఖ గీస్తూ, చివరి బిందువును మొదటి బిందువు మీదనే పెట్టి ఆపితే, యంత్రం లెక్కలో అది ఇంకా తెరచిన రేఖయే. మూయుమని చెప్పడానికి 'సి' అక్షరం నొక్కవలెను. అప్పుడే అది మూసిన రేఖ అని గుర్తు పెట్టుకొంటుంది. ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి బొమ్మలను పంపే డి.ఎక్స్.ఎఫ్. దస్త్రంలో ఆ గుర్తు ఏమిటని చూస్తే, 70 అనే సంకేతం కింద ఒక చిన్న సంఖ్య. అందులో 1 ఉంటే మూసినది, లేకపోతే తెరచినది. ఇంత పెద్ద బొమ్మ మంచి చెడ్డలు ఆ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటాయి. తల్లిదండ్రులు గమనించవలసినది ఇక్కడ ఒకటున్నది. పటాన్ని మూయడానికి కావలసిన ఇంగ్లీషు ఒక్క అక్షరం మాత్రమే. ఆ అక్షరాన్ని ఎప్పుడు నొక్కవచ్చునో ఎప్పుడు నొక్కరాదో తెలియడానికి ఏ భాషలోనైనా జ్యామితి రావలెను.

పొరపాటున తెరచి ఉన్న పటం మీద వైశాల్యం అడిగితే యంత్రం తెలియదని చెప్పదు, చెప్పితే బాగుండేది. పొడవు 100, వెడల్పు 60 ఉన్న దీర్ఘచతురస్రానికి ఒక వెడల్పు భుజం గీయకుండా వదిలి వైశాల్యం అడగండి. ఆఖరి కొస నుండి మొదటి కొసకు గీత ఉన్నట్లే భావించి 6000 అని ఇస్తుంది. పొడవు మాత్రం 320కి బదులు 260 అని చూపుతుంది. వైశాల్యంలో ఊహించుకొన్న భుజాన్ని చుట్టుకొలతలో మరచిపోతుందన్నమాట. చుట్టుకొలతను బట్టి కోతకు కూలి కట్టే చోట ఈ తేడా ఎవరి జేబులో నుండి పోతుందో వేరే చెప్పనక్కరలేదు. మూడు పరిమాణాల బొమ్మలలో తేడా ఇంకా స్పష్టం. మూసిన పటాన్ని పైకి సాగదీస్తే ఇటుకవలె గట్టి ఘనం వస్తుంది. తెరచిన పటాన్ని సాగదీస్తే తడికవలె ఉత్త గోడ నిలబడుతుంది.

లేజరు కోతలో ఇది మరింత తీవ్రం. కాంతి పుంజానికి కూడా కొంత వెడల్పు ఉంటుంది. మిల్లీమీటరులో కొద్ది వంతు రేకును అది తినివేస్తుంది. అందుచేత పలక బయటి అంచును కోసేటప్పుడు పుంజం గీతకు వెలుపలగా, లోపలి రంధ్రాన్ని కోసేటప్పుడు గీతకు లోపలగా నడవవలెను. పటం మూతపడి ఉంటేనే లోపల, వెలుపల అన్నవి ఉంటాయి. తెరచిన గీత దగ్గర యంత్రానికి ఏ పక్కకు జరగవలెనో తెలియదు.

ఇక ఆ విద్యార్థినికి కలిగిన అసలు నష్టం సంగతి. సందులు వెతికి ఒక్కొక్కటిగా కలపడం ఆలస్యమవుతున్నదని, అక్కడి అనుభవజ్ఞుడొకరు ఆమెకు ఒక దగ్గరి దారి చూపించారు. గీతలన్నిటినీ ఎంచుకొని, ఇంత దూరం లోపల ఉన్న కొసలన్నిటినీ అతికించుమని ఒకేసారి ఆజ్ఞాపించే సౌకర్యం ఆటోక్యాడ్‌లో ఉన్నది. ఆ దూరాన్ని ఫజ్ దూరం అంటారు. 0.01 వంటి చిన్న విలువ ఇస్తే అది మంచి సేవకుడే. ఆమె 2 మిల్లీమీటర్లు ఇచ్చినది. క్షణంలో పటమంతా మూతపడినది. హాచింగ్ చక్కగా వచ్చినది. పని పూర్తయినదని దస్త్రాన్ని కోతకు పంపినది.

ఆ పలకకు రెండు చోట్ల మడత ఉన్నది. మడత కొస వద్ద రేకు చిరగకుండా ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పుతో చిన్న గాడి విడిచిపెట్టడం రేకు పనిలో పరిపాటి. ఆ గాడిని గీసినవారు వేరొక లేయరులో గీసినారు. ఆనాడు ఆ లేయరు ఆపివేయబడి ఉన్నది. అందువల్ల గాడి కనబడలేదు, దాని నోరు మాత్రం బయటి అంచులో ఒకటిన్నర మిల్లీమీటర్ల సందుగా కనబడినది. మిగిలిన సందులు పొరపాట్లు. ఇది పొరపాటు కాదు. రెండు మిల్లీమీటర్లలోపు ఉన్నదంతా అతికించుమన్న ఆజ్ఞకు ఆ భేదం తెలియదు గనుక గాడి నోటిని కూడా కుట్టివేసినది. ఆ పూట కోసిన పలకలన్నీ మడత యంత్రం కింద మూలల వద్ద చిరిగినవి. రేకు ధర కంటె, తాను మూసిన చోటు ఏదో ఆ రాత్రి వరకు తనకే తెలియకపోవడం ఎక్కువ బాధించినదని ఆమె చెప్పినది. ఆరవ చాపాన్ని వంచి అతికించినందుకు సున్నా తెచ్చుకొని ఏడ్చిన పిల్లలలో ఆమె కూడా ఉన్నది.

ఆ తరువాత ఆమె పద్ధతి మారినది. ముందుగా లేయరులన్నిటినీ తెరచి చూడడం. హాచింగ్ విఫలమైనప్పుడు యంత్రం ఎర్రని చిన్న వలయాలతో చూపే కొసలను లెక్కపెట్టడం. ఒక్కొక్క సందును కొలిచి కాగితం మీద వ్రాయడం. కొలత 0.0007 వంటిదైతే అది కొట్టిన సంఖ్యలో దోషం. రెండు సరళరేఖలు మూలలో కలియకపోతే ఫిల్లెట్ ఆజ్ఞకు వ్యాసార్థం సున్నా ఇచ్చి కలుపుతుంది. అప్పుడు రెండు రేఖలూ తమ తమ దారిలోనే సాగి కలుస్తాయి, ఒకటి వంగి మరొకదాని మీద పడదు. ఒకే గీత మీద మరొక గీత ఉంటే ముందుగా అదనపు గీతను తొలగిస్తుంది. సందు ఒకటిన్నర, మూడు వంటి గుండ్రని కొలతలో ఉంటే మాత్రం చేయి తీసివేసి, బొమ్మ ఇచ్చినవారిని అడుగుతుంది. పొరపాటున వచ్చిన సందు గుండ్రని కొలతలో ఉండడం అరుదని ఆమె అనుభవంలో తేల్చుకొన్నది.

మూయడానికి ఒకే మార్గం లేదన్నది కూడా వాచకంలోని విషయమే. ఒక చాపాన్ని ఇచ్చి మూయుమంటే, రెండు కొసలను జ్యాతో కలిపితే వృత్తఖండం వస్తుంది. రెండు కొసల నుండి కేంద్రానికి వ్యాసార్థాలు గీస్తే సెక్టరు వస్తుంది. రెండూ సంవృతాలే, రెంటి వైశాల్యాలు వేరు. ఏది కావలెనో యంత్రం నిర్ణయించలేదు. 1990వ దశకంలో పెండ్లి పత్రికలు, గోడపత్రికలు కూర్చినవారందరూ వాడిన కోరల్‌డ్రాలో తెరచిన వక్రాన్ని సరళరేఖతో మూయడానికి వేరు, వంపు తిరిగిన రేఖతో మూయడానికి వేరు ఆజ్ఞలు ఉండడానికి కారణం ఇదే. నున్నని వక్రాలలో మరొక నియమం కూడా తోడవుతుంది. ఫ్రాన్సులో సిట్రోయన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో, రెనో కంపెనీలో పియేర్ బెజియే కారు బొమ్మల కోసం వేర్వేరుగా తీర్చిదిద్దిన వక్రాలే నేడు దాదాపు అన్ని డ్రాయింగు ప్రోగ్రాములలో ఉన్నవి. అట్టి వక్రం కొసలు కలిస్తే చాలదు; కలిసిన చోట రెండు వైపుల స్పర్శరేఖలు కూడా ఒకటి కావలెను. లేకుంటే అక్కడ ఒక మూల మిగులుతుంది. బొమ్మలో అది కనబడకపోవచ్చును. ఆ బొమ్మతో చేసిన క్యామ్ చక్రం ఇంజనులో తిరిగినప్పుడు, ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క దెబ్బ చొప్పున వినబడుతుంది.

ఈ ప్రాంతపు తల్లులకు ఇందులో కొత్తదనం ఏమీ కనబడకపోవచ్చును. చుక్కల చుట్టూ తిప్పే మెలికల ముగ్గులో గీత బయలుదేరిన చోటికే చేరవలెను. చేరిన చోట అతుకు తెలియరాదు. కొన్ని ముగ్గులలో ఒకే గీత చుక్కలన్నిటినీ చుట్టి వస్తుంది, కొన్నింటిలో రెండు మూడు గీతలు ఒకదానిలో ఒకటి అల్లుకొంటాయి. చూచినంతలో ఏది ఏదో తెలియదు. గీత వెంట వ్రేలు పెట్టి నడవవలసినదే. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ అనే విద్వాంసులు ఈ కోలములను కంప్యూటరు శాస్త్ర దృష్టితో పరిశీలించి, వాటికి వ్యాకరణం వంటి నియమాలు ఉన్నవని చూపుతూ 1974లో వ్యాసం ప్రకటించారు. గుమ్మం ముందర తెల్లవారి చెరిగిపోయే పిండి గీతలు అంతర్జాతీయ పత్రికలోనికి ఎక్కినవి.

కొసలు కలియకపోవడాన్ని దాచక, తీర్చుకొనే నిజాయితీ గల పద్ధతి ఒకటి భూమి కొలిచేవారి వద్ద ఉన్నది. పొలం గట్టు చుట్టూ ఒక రాయి నుండి మరొక రాయికి కొలుచుకొంటూ పోయి మళ్ళీ మొదటి రాయికి వస్తే, లెక్కలో ఆ రాయి కొంచెం జరిగినట్లు వస్తుంది. మొత్తం చుట్టు 800 మీటర్లై, తేడా 16 సెంటీమీటర్లైతే, 5000లో ఒక వంతు అన్నమాట. ఆ తేడానంతా చివరి గట్టు మీద వేస్తే ఆ వైపు రైతుకు నష్టం. అమెరికాకు చెందిన నథానియల్ బౌడిచ్ 1808లో ప్రతిపాదించిన నియమం ప్రకారం, తేడాను అన్ని గట్లకు వాటి పొడవును బట్టి పంచవలెను. 200 మీటర్ల గట్టుకు 4 సెంటీమీటర్లు వస్తుంది. అయితే పంచడానికి ముందు తేడా ఎంత ఉన్నదో చూడవలెను. 16 సెంటీమీటర్లకు బదులు 16 మీటర్లు ఉంటే అది పంచుకొనవలసిన తేడా కాదు. ఎవరో ఒక గొలుసు లెక్క తప్పినారని అర్థం, మళ్ళీ పొలానికి పోవలసినదే. ఫజ్ దూరం ఇచ్చేటప్పుడు డ్రాఫ్ట్స్‌మన్‌లు పాటించవలసిన వివేకం కూడా ఇటువంటిదే. పాత తాలూకా కచేరీలలో గొలుసు పట్టిన తాతలున్న కుటుంబాలు ఈ సభలో కొన్ని ఉన్నవి. వారి మనుమలకు ఈ మాట వింతగా తోచదు.

ఈ సంచికలో అచ్చయిన తెలుగు అక్షరాలు సైతం ఇటువంటి మూసిన వక్రాలే. ఫాంటులో ప్రతి అక్షరమూ బెజియే తరహా వక్రాలతో గీసిన అంచు. అంచు మూతపడితేనే లోపల సిరా నిండుతుంది. సున్నా చూడడానికి ఒక వలయంలా ఉన్నా అందులో రెండు మూసిన రేఖలున్నవి, బయటిది ఒకటి, లోపలిది ఒకటి. ట్రూటైప్ ఫాంటులలో బయటి రేఖ గడియారపు ముల్లు తిరిగే దిక్కున, లోపలి రేఖ దానికి ఎదురు దిక్కున నడవవలెనని నియమం. రెండూ ఒకే దిక్కున నడిస్తే నడుమ బొరియ పూడిపోయి సున్నా నల్లని చుక్కగా మారే ప్రమాదం ఉన్నది. తలకట్టు, గుడి, సుడి, వట్రుసుడి అన్నీ వంపులే అయిన లిపిలో ఫాంటు తయారు చేసేవారు ఎన్ని కొసలు పరిశీలించవలసి ఉంటుందో ఊహించుకొనవచ్చును.

జూబిలీ ప్రదర్శనలో గణితం బల్ల వద్ద ఈ సంవత్సరపు తొమ్మిదవ తరగతి పిల్లలు గీసిన షడ్భుజులు ఉంచబడినవి. ఏ ఒక్కటీ దిద్దబడలేదు. ఆరవ చాపం పడిన చోటనే ఉన్నది. పక్కన పెన్సిలుతో ఒకరు 2 మిల్లీమీటర్లు అని, మరొకరు 4 అని, ఒక బాలిక సరిగా కలిసినదని వ్రాసినారు. ఆ ఆఖరి కాగితాన్ని భూతద్దంతో చూడగోరేవారి కోసం బల్ల మీద భూతద్దం కూడా ఉంచబడినది. ఉదయం ఆ బాలిక తల్లి దానిని చేతికి తీసుకొని చాలాసేపు చూచినది.